చికిత్స బల్ల మీద నిద్ర, సొంత మంచం మీద మెలకువ: ఆరేళ్ళ నిద్రలేమి కేసు

నిద్రలేమితో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కూర్చోగానే అడిగేది ఒకటే: "సూదులతో నిద్ర వస్తుందా, రాదా?" ఒక్క మాటలో చెప్పమంటారు. ఈ కేసులో ఆక్యుపంక్చర్ సూదులు మంచి పనే చేశాయి, కానీ అది వాళ్ళు అడిగే పని కాదు. ఆ తేడా అర్థమయ్యేలా చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను ఆక్యుపంక్చర్ చేస్తాను, నిద్రలేమికి చేసే ప్రవర్తనా చికిత్సలో, అంటే సీబీటీ-ఐలో కూడా శిక్షణ తీసుకున్నాను. మందులు రాయడం, ఆపడం నా పని కాదు, ఆ భాగమంతా ఈ కేసులోని పేషెంటు ఫిజీషియన్ చూసుకున్నారు. పేషెంటు సరేనన్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ఆవిడ వయసు 46, అకౌంట్స్ ఉద్యోగం. ఆరేళ్ళ క్రితం మామగారు మంచాన పడ్డారు, రాత్రిళ్ళు చూసుకునే బాధ్యత ఈవిడ మీద పడింది. ఏ కాస్త చప్పుడైనా ఉలిక్కిపడి లేవడం, వెళ్ళి చూసి రావడం, మళ్ళీ కన్నంటుకునేలోపు ఇంకో పిలుపు, అలా కొన్ని నెలలు గడిచాయి. ఆయన పోయారు, లేవాల్సిన అవసరం తీరిపోయింది, మెలకువ మాత్రం అలాగే ఉండిపోయింది. పడుకున్నాక గంటన్నర దాకా నిద్ర పట్టదు, పట్టాక రెండుమూడు సార్లు మెలకువ, వేకువ 3 గంటలకు వచ్చే మెలకువైతే ఇక తెల్లారేదాకా దొర్లడమే. వారంలో ఐదారు రాత్రులు ఇదే వరస. వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలకు పైగా, పడుకునే వీలున్నా నిద్ర పట్టక పగటి పనులు దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం. ఈవిడ ఆ గీత ఎప్పుడో దాటేశారు. ఆఫీసులో అంకెలు రెండుసార్లు సరిచూసుకోవాల్సి వస్తోందని, చిన్న విషయాలకే పిల్లల మీద అరుస్తున్నానని చెప్పేటప్పుడు గొంతు పట్టుకుపోయింది.

మొదలైన కారణం వేరు, కొనసాగే కారణం వేరు. ఇది నిద్రలేమిలో అందరూ పట్టించుకోవాల్సిన విషయం. స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త 1987లో దీన్ని మూడు భాగాలుగా విడదీశారు: మనిషిలో ముందునుంచీ ఉన్న స్వభావం, నిద్ర చెడగొట్టిన సంఘటన, తర్వాత ఆ సమస్యను నిలబెట్టే అలవాట్లు. ఈవిడకు మామగారి జబ్బు రెండోది, అది ఆరేళ్ళ కిందటి మాట. మరి ఇప్పటికీ నిద్రను చెడగొడుతున్నదేమిటి? రాత్రి 9:30కే పడుకోవడం, ఎందుకంటే "ముందుగా పడుకుంటే కాస్తయినా ఎక్కువ నిద్ర దొరుకుతుందేమో" అని. ఆదివారం 9 దాకా పక్క దిగకపోవడం. మెలకువ వచ్చిన ప్రతిసారీ టైమ్ చూసి ఇంకెన్ని గంటలు మిగిలాయో లెక్కేసుకోవడం. పొద్దున్నే చేతి వాచీ ఇచ్చిన నిద్ర స్కోరు చూసి ఆ రోజు ఎలా గడుస్తుందో ముందే తేల్చేసుకోవడం. సాయంత్రం 7 అయ్యేసరికి "ఇవాళ పడుతుందో లేదో" అనే టెన్షన్ మొదలు.

అప్పటికే ఆవిడ వాడి చూసినవి తక్కువేం కాదు. మూడేళ్ళుగా దాదాపు రోజూ జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర 10 మిల్లీగ్రాములు. మధ్యలో మెలటోనిన్, అశ్వగంధ, వలేరియన్, మెగ్నీషియం, లావెండర్ నూనె, వర్షం శబ్దం వినిపించే యాప్, శ్వాస వ్యాయామాలు. ఒకటి మొదలుపెట్టి నాలుగు రోజులు చూడటం, రెండోది కలపడం, మొదటిది మానేయడం. అలా చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. నిద్రలేమి ఉన్నవాళ్ళకు కూడా మధ్యమధ్యలో దానంతటదే ఒక మంచి రాత్రి వస్తుంది, రెండు మూడు చెడ్డ రాత్రుల తర్వాత నిద్ర ఒత్తిడి (మేలుకున్న కొద్దీ కూడుకునే నిద్ర అవసరం) పెరిగి శరీరమే పడేస్తుంది. ఆ రాత్రి ఏ సీసా చేతిలో ఉంటే దానికి పేరొస్తుంది.

వాటి గురించి నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. మెలటోనిన్ శరీర గడియారాన్ని జరపడానికి పనికొస్తుంది, జెట్ లాగ్ ఉన్నవాళ్ళకు, తెల్లవారుజాము దాకా నిద్ర రాని జీవగడియారం ఉన్నవాళ్ళకు సరైన వేళకు ఇస్తే ఉపయోగం. ఈవిడ సమస్య గడియారానిది కాదు. అమెరికా స్లీప్ మెడిసిన్ అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్, వలేరియన్ వాడవద్దనే సూచించారు. అశ్వగంధ మీద కొన్ని చిన్న అధ్యయనాలు కాస్త మేలు చూపించాయి, కానీ థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు, కాలేయ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకూడదు. మూలికే కదా ఏం చేస్తుందిలే అనుకోవడం నాకు అస్సలు నచ్చదు. గోరువెచ్చని స్నానం మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ మంచి ఆధారమున్నదే: పడుకునే గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్ళతో చేస్తే నిద్ర పట్టే సమయం సగటున పది నిమిషాలు తగ్గినట్టు 2019లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. వేడి నీళ్ళకు చేతులు, కాళ్ళలో రక్తనాళాలు తెరుచుకుంటాయి, ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది, ఆ చల్లబడటమే నిద్రకు దారి. అది కొనసాగించమన్నాను.

సూది పట్టుకునే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయా అని ఆవిడ భర్తను అడిగాను, లేవన్నారు. సాయంత్రాలు కాళ్ళు లాగడం, కదిలిస్తే గానీ నెమ్మదించకపోవడం ఉంటే శరీరంలో ఐరన్ నిల్వలు చూడాలి, ఆ లక్షణం లేదు. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు లేవు. డిప్రెషన్ గురించి ఫిజీషియన్ విడిగా మాట్లాడారు, చికిత్స అవసరమైనంత లేదని తేల్చారు. మూర్ఛ, బైపోలార్ చరిత్ర లేదు. రక్తం పలచబరిచే మందులు లేవు. కాఫీ మాత్రం సాయంత్రం 5కి ఒకటి ఉంది. కెఫీన్ సగం బయటికి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ, కాబట్టి మధ్యాహ్నం తర్వాత మానేయమన్నాను, ఆవిడ మారుమాట లేకుండా మానేశారు.

తర్వాత రెండు వారాలు ఏ చికిత్సా లేకుండా నిద్ర డైరీ. చాలామందికి ఇదే ఓపిక ఉండదు. పొద్దున లేచాక అంచనాగా రాస్తే చాలు, రాత్రి గడియారం చూసి రాయకూడదు. వాచీ తీసి బీరువాలో పెట్టమన్నాను. డైరీ ప్రకారం మంచం మీద గడిపేది 9 గంటలు, నిద్రపోయేది సగటున 4 గంటల 50 నిమిషాలు, అంటే మంచం మీద గడిపిన కాలంలో 54 శాతమే నిద్ర. 85 శాతం దాటితే బాగున్నట్టు. నిద్రలేమి తీవ్రతను ఏడు ప్రశ్నలతో కొలిచే ఐఎస్ఐ స్కోరు 28కి 23 వచ్చింది, 22 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్రమైనదని లెక్క.

నేనైతే నేరుగా ప్రవర్తనా చికిత్సతో మొదలుపెట్టేదాన్ని. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే పెద్దవాళ్ళ దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా సీబీటీ-ఐనే చెప్పింది. కానీ ఆవిడ వచ్చింది సూదుల కోసం. పైగా "మేడం, ఇంకో నియమం పెట్టకండి, నియమాలు పాటించే ఓపిక నాకు లేదు" అన్నారు. అంత అలసిపోయిన మనిషికి మొదటిరోజే కష్టమైన చికిత్స చెబితే మళ్ళీ రారు. అందుకని నాలుగు వారాలు వారానికి రెండుసార్లు సూదులు, మిగతా ఏదీ మార్చకూడదు, డైరీ ఆపకూడదు అని ఒప్పందం చేసుకున్నాం. మాత్ర కూడా అప్పటికి అలాగే ఉంచారు ఫిజీషియన్.

పెట్టిన పాయింట్లు అందరం వాడేవే. నడినెత్తిన బైహుయి, కనుబొమల మధ్య యిన్‌టాంగ్, చెవి వెనక ఆన్‌మియన్, మణికట్టు ముడత దగ్గర చిటికెన వేలి వైపు షెన్‌మెన్, ముంజేతి లోపలి వైపు రెండు స్నాయువుల (టెండన్ల) మధ్య నెయ్‌గువాన్, లోపలి చీలమండ ఎముకకు నాలుగు వేళ్ళ పైన సాన్‌యిన్‌జియావో. ఈ చివరిది గర్భిణులకు పెట్టను, సంప్రదాయంగానే వద్దంటారు. ఒక్కసారి వాడి పారేసే సన్నని సూదులు, పావు మిల్లీమీటరు మందం. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉండి తర్వాత బరువుగా, లాగినట్టు అనిపిస్తుంది, ఆ బరువు వచ్చాక వదిలేసి 25 నిమిషాలు పడుకోబెడతాను. దీపం తగ్గిస్తాను, నేను గదిలో మాట్లాడను.

మూడో సెషన్‌కు ఆవిడ బల్ల మీదే నిద్రపోయారు. మాగన్ను కాదు, గాఢమైన నిద్ర, లేపితే ఎక్కడున్నానో తెలియనట్టు చూశారు. తర్వాతి సెషన్‌లోనూ అంతే. "మీ దగ్గర పడుతోంది, ఇంట్లో పట్టట్లేదు, సూదులు ఇంట్లోనూ పెట్టుకునే వీలుందా?" అని అడిగారు.

ఈ కేసు మొత్తం తిరిగింది ఆ ప్రశ్న దగ్గరే. ఎత్తు తక్కువ దిండు, ఇరుకు బల్ల, ఒంటి మీద పదో పన్నెండో సూదులు, బయట మనుషుల మాటలు, అయినా పది నిమిషాల్లో నిద్ర. అదే మనిషి రాత్రి మెత్తటి పరుపు మీద, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మాత్ర వేసుకుని కూడా గంటన్నర మేలుకుని ఉంటున్నారు. నిద్రపోయే శక్తి ఆవిడకు పోలేదు, చెడింది మంచంతో ఉన్న సంబంధం. ఆరేళ్ళుగా ఆ మంచం మీద మేలుకుని, భయపడి, లెక్కలేసుకుని, మంచం చూడగానే ఒళ్ళు అప్రమత్తమయ్యేలా తయారైంది. బూట్‌జిన్ అనే మనస్తత్వవేత్త 1972లో చెప్పింది ఇదే: మంచం నిద్రకు సంకేతం కావాలి, మెలకువకు సంకేతమైపోతే ఆ ముడి విప్పాలి. ఈ మాట నేను మొదటిరోజే చెప్పి ఉంటే ఆవిడ నమ్మేవారు కాదు, ఎందుకంటే "నా మెదడులో నిద్ర పుట్టే చోటే పాడైపోయింది" అని గట్టిగా నమ్ముతున్నారు. ఇప్పుడు తన ఒళ్ళే సాక్ష్యం చెప్పింది. నేను అడిగాను, "పాడైపోతే ఇక్కడెలా నిద్ర పట్టిందమ్మా?" కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాతే నియమాల గురించి వినడానికి సిద్ధపడ్డారు.

ఆక్యుపంక్చర్ చేసే తోటివాళ్ళకు ఒక మాట. నిద్రలేమి ఉన్నవాళ్ళకు సాయంత్రం సెషన్ పెట్టకండి. బల్ల మీద తీసే అరగంట కునుకు ఆ రాత్రి నిద్ర ఒత్తిడిలోంచే పోతుంది. మధ్యాహ్నం 1 లోపు పెడితే రాత్రికి మళ్ళీ ఒత్తిడి కూడుకునే వ్యవధి ఉంటుంది. "పేషెంటు బల్ల మీద నిద్రపోయారు" అన్నది మన చికిత్స గెలిచినట్టు చెప్పుకునే మాట కాదు, రాత్రి ఏమైందో డైరీలో చూడాలి.

నాలుగు వారాల తర్వాత డైరీ ఏం చెప్పింది? నిద్ర పట్టే సమయం గంటన్నర నుంచి గంటలోపుకి వచ్చింది. మొత్తం నిద్ర 5 గంటల 15 నిమిషాలు, అంటే 58 శాతం. ఐఎస్ఐ 23 నుంచి 18కి దిగింది. వేకువ మెలకువలు దాదాపు అలాగే ఉన్నాయి. పగటి చిరాకు, భుజాల బిగువు బాగా తగ్గాయని ఆవిడే చెప్పారు. ఈ మేలు నిజమే, కానీ ఇందులో సూది వాటా ఎంత, అరగంట ఏ పనీ లేకుండా ఒకరి సంరక్షణలో పడుకోవడం వాటా ఎంత, కాఫీ మానేయడం వాటా ఎంత అన్నది ఒక్క కేసు చూసి విడదీయలేం. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 33 ట్రయల్స్, 2293 మందితో 2012లో ఇచ్చిన సమీక్ష కూడా ట్రయల్స్ నాణ్యత తక్కువగా ఉంది కాబట్టి నిద్రలేమికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని గానీ చేయదని గానీ తేల్చలేమంది. క్యాన్సర్ నుంచి బయటపడిన 160 మందిలో ఆక్యుపంక్చర్‌నూ సీబీటీ-ఐనీ పోల్చిన ట్రయల్ 2019లో వచ్చింది, 8 వారాల్లో ఐఎస్ఐ సూదులతో 8.3, సీబీటీ-ఐతో 10.9 పాయింట్లు తగ్గింది. రెండూ మేలు చేశాయి, రెండోది ఎక్కువ చేసింది. నేను సూదులతో బతికే మనిషిని, అయినా ఈ అంకెలు నా పేషెంట్లకు దాచకుండా చెబుతాను.

అయిదో వారం నుంచి అసలు పని. పడుకునే సమయాన్ని కుదించాం. ఆవిడ నిద్రపోయేది అయిదు గంటల పైచిలుకు, కాబట్టి మంచం మీద ఉండేది 5 గంటల 30 నిమిషాలే: రాత్రి 12:30 నుంచి పొద్దున 6 వరకు. ఎవరికైనా 5 గంటల కంటే తక్కువకు దించను. ఆదివారమైనా సరే 6కి లేవాలి. పగలు కునుకు లేదు. బల్ల మీద కునుకు కూడా వద్దు కాబట్టి ఈ దశలో సూదులు వారానికి ఒకసారి చేసి, కూర్చోబెట్టి, చేతుల్లోనూ తలలోనూ మాత్రమే పెట్టాను. నిద్ర పట్టడం లేదని అనిపిస్తే, గడియారం చూడకుండానే, లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి, కళ్ళు మూతలు పడుతుంటేనే మంచానికి రావాలి. బండి నడపడం రెండు వారాలు మానేయమన్నాను, ఈ దశలో పగలు మగత సహజం. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్ళకు, యంత్రాల దగ్గరా డ్రైవింగ్‌లోనూ పనిచేసేవాళ్ళకు ఇది ఇలా ఇంట్లో సొంతంగా చేయకూడదు, పర్యవేక్షణ కావాలి.

మొదటి వారం నరకమే. నిద్ర 4 గంటల 40 నిమిషాలకు పడిపోయింది. రాత్రి 10 నుంచి 12:30 దాకా మేలుకుని ఉండటం ఆవిడకు అన్నిటికంటే కష్టమైంది, ఆరేళ్ళు నిద్ర రావట్లేదని ఏడ్చిన మనిషి సోఫాలో నిద్ర ఆపుకోలేక లేచి తిరిగారు. నాలుగో రోజు ఫోన్ చేసి మానేస్తానన్నారు. నేను అంకె చూపించాను: మొత్తం నిద్ర తగ్గింది నిజమే, కానీ మంచం మీద గడిపిన దాంట్లో 85 శాతం నిద్రే. ఆరేళ్ళలో మొదటిసారి మంచం ఎక్కిన కొద్ది నిమిషాల్లో నిద్ర పట్టింది. మానేస్తానన్న మనిషి ఆ వారం సూదులకు మాత్రం వచ్చారు. అక్కడ కూర్చున్న అరగంటలో ఒళ్ళు తేలికపడిందని, ఇంకో వారం చూస్తానని చెప్పి వెళ్ళారు. సూదుల అసలు విలువ నాకు ఇక్కడ కనిపిస్తుంది. కష్టమైన చికిత్సలో మనిషిని నిలబెట్టడానికి, ఒకరు తనను పట్టించుకుంటున్నారన్న ధైర్యం ఇవ్వడానికి, ఒంట్లో బిగువు కాస్త సడలించడానికి.

వారం సగటు 85 శాతం దాటినప్పుడల్లా పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు జరిపాం, దాటని వారాల్లో కదపలేదు. ఎనిమిది వారాలకు 11:30 నుంచి 6 దాకా వచ్చాం. నిద్ర 5 గంటల 50 నిమిషాలు, 90 శాతం. ఐఎస్ఐ 9. వేకువ మెలకువ పూర్తిగా పోలేదు, కానీ మళ్ళీ పట్టేస్తోంది.

అప్పుడు మాత్ర. జోల్పిడెమ్ అకస్మాత్తుగా ఆపితే నిద్ర ముందుకంటే ఘోరంగా చెడుతుంది, మాత్ర లేకుండా బతకలేననే నమ్మకం అక్కడే గట్టిపడుతుంది. ఆడవాళ్ళకు 5 మిల్లీగ్రాముల నుంచే మొదలుపెట్టాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే చెప్పింది, ఎందుకంటే వాళ్ళ ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుంది, పొద్దున దాకా మత్తు మిగులుతుంది. ఈవిడేమో 10 వేసుకుంటున్నారు. ఫిజీషియన్ ముందు 5కి, కొన్ని వారాలకు అందులో సగానికి, తర్వాత రోజు విడిచి రోజుకు తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రాత్రులు చెడ్డగా గడిచాయి. ఆ రాత్రులు వస్తాయని ముందే చెప్పి ఉంచడం వల్ల కంగారు పడలేదు. దాదాపు మూడు నెలలకు పూర్తిగా ఆగిపోయింది.

ఆరు నెలల తర్వాత చూస్తే 11:15 నుంచి 6 దాకా మంచం మీద, నిద్ర 6 గంటల 10 నిమిషాలు, ఐఎస్ఐ 7. ఎనిమిది గంటలు నిద్రపోవాలనే పట్టుదల వదిలేశారు, పగలు చురుగ్గా ఉన్నారు, అది చాలు. నిద్ర కోసం సూదులు మానేశాం. మధ్యలో ఆఫీసులో లెక్కలు ముగించే నెలలో ఒక వారం నిద్ర చెదిరింది. పాత అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకే మంచమెక్కలేదు, నాకు ఫోన్ చేయలేదు, మిగిలిన మాత్రల కోసం వెతకలేదు. తనంతట తానే పడుకునే సమయాన్ని 12కి జరుపుకుని, 6కే లేస్తూ, డైరీ మళ్ళీ తీశారు. తొమ్మిదో రోజుకు శాతం 88 దాటాక 15 నిమిషాలు ముందుకు తెచ్చుకున్నారు. తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు ఆ పేజీలు నా ముందు పెట్టి, "లెక్క సరిగ్గానే వేశానా మేడం?" అని అడిగారు. సరిగ్గానే వేశారు.